అప్పజెప్పటం సరే, అర్థమైందా?

ఒక ఆదివారం పూజానంతరం, మన్సూరాబాద్‌లో సత్యోపదేశానికి వచ్చిన ఐదో తరగతి బాలుణ్ణి సరదాగా అడిగాను: "బాబూ, ఒకటి బై మూడు పెద్దదా, ఒకటి బై నాలుగు పెద్దదా?"

"ఒకటి బై నాలుగే ఫాదర్! మూడు కంటే నాలుగు పెద్దది కదా!" అన్నాడు తడుముకోకుండా. భిన్నాల కూడిక సూత్రాన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పగల పిల్లవాడు! "తప్పు, ఒకటి బై మూడే పెద్దది" అని సరిదిద్దాను. తల ఊపాడు. మరుసటి వారం అడిగితే మళ్లీ పాత జవాబే.

అక్కడే ఉన్న టీచరమ్మ వాణ్ణి దగ్గరకు పిలిచింది. "నాన్నా, నీకు బాగా ఆకలిగా ఉంది. ఒక రొట్టెను ముగ్గురికి పంచితే వచ్చే ముక్క కావాలా, నలుగురికి పంచితే వచ్చే ముక్క కావాలా?" అని అడిగి మౌనంగా ఉండిపోయింది. వాడు కాసేపు ఆలోచించాడు. ముఖం వికసించింది. "ముగ్గురికి పంచిందే! అయితే... ఒకటి బై మూడే పెద్దది!"

నేను జవాబు చెప్పాను. ఆమె ఆలోచింపజేసింది. తేడా అదే. వైద్యుడు మందిచ్చినా కోలుకునేది రోగి శరీరమే. అలాగే గురువు సాయపడినా గ్రహించవలసింది శిష్యుని బుద్ధే. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు వారు బోధించిన సత్యమిది. గురువిద్యాలయంలో దీన్ని చదువుకున్న నేను, ఒక పసివాని ముందు మరచిపోయాను!

ఇది కొత్త సమస్య కాదు. 1993లో యశ్‌పాల్ కమిటీ పిల్లల చదువు భారాన్ని పరిశీలించి, పుస్తకాల సంచి బరువు కంటే పాఠం అర్థంకాని బరువే ఎక్కువ హానికరమని తేల్చింది. అంతకు ముందే, 1980లలో, బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, పిల్లలు చేసి నేర్చుకోవాలనీ, పరిసరాలనే పాఠాలుగా వాడుకోవాలనీ మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కూడా చేతలద్వారా, అన్వేషణద్వారా నేర్పమంటున్నది. అయినా దిల్‌సుఖ్‌నగర్ దారిలో మనల్ని ఆకర్షించేవి ర్యాంకుల బోర్డులే!

ఉపాధ్యాయులను నిందించి లాభం లేదు. కిక్కిరిసిన తరగతి, తరుముకొచ్చే సిలబస్, మార్కులడిగే తల్లిదండ్రులు – వీరి మధ్య వారు నలిగిపోతున్నారు. అయినా ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది: ప్రశ్న అడిగాక కాస్త ఆగండి. అమెరికాలో మేరీ బడ్ రోవ్ అనే విద్యావేత్త గమనించినదేమంటే, టీచర్లు సాధారణంగా ఒక్క సెకను మాత్రమే ఆగుతారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరుగుతాయి, లోతు పొందుతాయి.

రెండవది: జవాబు ఒప్పయినా "ఎలా తెలిసింది?" అని అడగండి.

మూడవది: తప్పు జవాబును చూసి నవ్వనివ్వకండి. పిల్లవాని ఆలోచన ఎక్కడ దారి తప్పిందో చూపేది ఆ తప్పే.

నాల్గవది: అర్థమైన పిల్లలచేత పక్కవారికి సొంతమాటల్లో చెప్పించండి.

కంఠస్థం వద్దని కాదు. ఎక్కాలూ జపాలూ నోటికి రావలసిందే. అయితే నోటికి వచ్చింది మనసుకూ ఎక్కాలి.

ధర్మశాస్త్ర బోధకుడు "నా పొరుగువాడెవరు?" అని అడిగినప్పుడు యేసుప్రభువు నిర్వచనం చెప్పలేదు. సమరీయుని కథ చెప్పి, ఆ ముగ్గురిలో పొరుగువాడెవరో నీవే చెప్పమని తిరిగి ప్రశ్నించారు (లూకా 10:25-37). జవాబు అతని నోటనే వచ్చింది.

తల్లిదండ్రులారా! ఈ సాయంత్రం మీ బిడ్డ బడినుండి రాగానే "ఎన్ని మార్కులు?" అని అడగకండి. "ఈ రోజు నీకు కొత్తగా ఏం అర్థమైంది? నాకూ చెప్పు" అని అడగండి. చెబుతుంటే ఓపికగా వినండి. టీచరుకు మీరు చేయగల గొప్ప సాయం అదే.