దూరదేశంలో క్రిస్మస్

పండుగ అనగానే మనిషి మనస్సు సొంత ఊరికి పరుగు తీస్తుంది. ఆంధ్రదేశంలోని క్రైస్తవ కుటుంబాలలో డిసెంబరు మాసం ప్రవేశించగానే ఆ సందడి మొదలవుతుంది. ఇంటి ముందు రంగుకాగితాల నక్షత్రం వెలుగుతుంది. రాత్రివేళ యువకులు ఇంటింటికీ తిరిగి క్రీస్తు జనన గీతాలు పాడుతారు. అరిసెల పాకం వాసన వీధి అంతా గుబాళిస్తుంది. అయితే ఆ అరిసెల బెల్లానికీ, పిల్లల కొత్త బట్టలకూ డబ్బు పంపిన తల్లి మాత్రం కొన్ని ఇళ్లలో ఆనాడు కనిపించదు. ఆమె కువైట్‌లో ఉంటుంది.

గోదావరి జిల్లాల నుండి, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి ఎందరో స్త్రీలు ఇంటిపని నిమిత్తం దశాబ్దాలుగా ఆ దేశానికి వెళుతున్నారు. అప్పు తీర్చాలని, కూతురి పెళ్లి చేయాలని, సొంత ఇల్లు కట్టుకోవాలని వారి ఆశ. కువైట్ రాజ్యమతం ఇస్లాం. డిసెంబరు 25 అక్కడ ప్రభుత్వ సెలవుదినం కాదు. వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. అందుచేత అక్కడి క్రైస్తవ సంఘాలు పెక్కు శుక్రవారం నాడే ఆరాధన జరుపుకొంటాయి. కువైట్ నగరంలో 1931లో నిర్మితమైన ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో తెలుగుతో సహా అనేక భాషల సంఘాలు వంతులవారీగా సమావేశమవుతాయి.

ఇంటి పనివారికి వారానికొక రోజు విశ్రాంతి ఇవ్వాలని కువైట్ 2015లో చట్టం చేసింది. అయినప్పటికీ గడప దాటడం తరచు యజమాని అనుమతిపైనే ఆధారపడి ఉంటుంది. అనుమతి లభించిన స్త్రీలు చర్చిలో కలుసుకొని, ఊళ్లు వేరైనా 'అక్కా', 'వదినా' అని పలకరించుకొంటారు. తెచ్చుకొన్నది పంచుకొని తింటారు. అనుమతి దొరకనివారికి వంటగదియే మందిరమవుతుంది.

కువైట్ కాలమానం మన కాలమానం కంటె రెండున్నర గంటలు వెనుక. గోదావరి తీరాన అర్ధరాత్రి 12 గంటలకు మందిరం గంట మోగేవేళ అక్కడ రాత్రి 9:30 అవుతుంది. ఇంకా గిన్నెలు తోమే పని మిగిలి ఉంటుంది. ఒకప్పుడు ఉత్తరాలతోను, మాటలు నింపి పంపిన క్యాసెట్లతోను తృప్తిపడవలసి వచ్చేది. నేడు సెల్‌ఫోన్ తెరపై ముఖాలు కనిపిస్తున్నాయి. కాని దూరం తరగలేదు. తాను జ్ఞాపకం మీద అంచనా కట్టి పంపిన గౌను పొట్టి అయినప్పుడే, బిడ్డ ఎంత ఎదిగిందో తల్లికి తెలుస్తుంది.

తొలి క్రిస్మస్ సైతం కాపురమున్న ఊరిలో జరిగినది కాదు. మరియ, యోసేపులు నజరేతు నుండి బేత్లెహేముకు ప్రయాణమై వెళ్లారని, సత్రంలో చోటు లేక శిశువును పశువుల తొట్టిలో పరుండబెట్టారని లూకా సువార్త తెలుపుతుంది. పిమ్మట ఆ కుటుంబం ప్రాణరక్షణకై ఐగుప్తుకు తరలిపోయిందని మత్తయి సువార్త చెబుతుంది. పరాయి నేలపై పండుగ చేసుకొనే వారికి ఈ కథ ఆప్తమైనది.

అయితే ఓదార్పు కథ నుండి మాత్రమే లభిస్తే చాలదు. ఇంటి నుండి కూడా లభించాలి. పండుగ రాత్రి ఫోనులో ఆమె అందరి క్షేమమూ అడుగుతుంది. బట్టలు నచ్చాయా, డబ్బు సరిపోయిందా అని విచారిస్తుంది. 'అమ్మా, నీవు భోజనం చేశావా?' అని ఇంటివారు తిరిగి అడిగిననాడు ఆమెకూ ఆ పండుగలో పాలు దక్కుతుంది.