సైటేషన్లు చూసి గైడ్‌ను ఎంచుకుంటున్నారా?

మెటీరియల్స్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేయాలనుకునే విద్యార్థి ముందుగా గూగుల్ స్కాలర్‌లో ప్రొఫెసర్ పేరు కొట్టి చూస్తాడు. పేపర్లు ఎన్ని, సైటేషన్లు ఎన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత అన్నది క్షణంలో తెలిసిపోతుంది. పెద్ద అంకె కనిపిస్తే దరఖాస్తు పెట్టేస్తాడు, చిన్నదైతే పక్కకు జరుగుతాడు. ఆ అంకెలు నిజమే కావచ్చు. కానీ అవి ఏం చెబుతాయో, ఏం చెప్పవో తెలియకుండా అయిదేళ్ల చదువును వాటి మీద నిలబెట్టకూడదు.

హెచ్-ఇండెక్స్ లెక్క ఇదీ

ఈ కొలమానాన్ని 2005లో అమెరికాలోని భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. ఒకరికి అయిదు పేపర్లున్నాయనుకుందాం. వాటికి వరుసగా 40, 12, 6, 4, 1 సైటేషన్లు వచ్చాయి. కనీసం నాలుగేసి సైటేషన్లు ఉన్న పేపర్లు నాలుగు కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. మొదటి పేపర్‌కు 40 బదులు 4,000 వచ్చినా అది 4 దగ్గరే ఆగుతుంది. పైగా ఈ అంకె వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు. నిన్నగాక మొన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను, ముప్ఫయ్యేళ్ల అనుభవమున్న సీనియర్‌ను దీంతో పోల్చడం సరికాదు.

విభాగాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. బ్యాటరీలు, పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్, గ్రాఫీన్ మీద ప్రపంచమంతా పనిచేస్తోంది కాబట్టి అక్కడ సైటేషన్లు త్వరగా వస్తాయి. అధిక ఉష్ణోగ్రతలో మిశ్రమలోహం ఎలా సాగుతుందో చూసే క్రీప్ పరీక్షలు నెలలు, కొన్నిసార్లు ఏళ్లు నడుస్తాయి. అక్కడ పేపర్లూ తక్కువే, వాటిని ఉదహరించేవాళ్లూ తక్కువే. రివ్యూ ఆర్టికల్స్‌కు సాధారణంగా ప్రయోగ పత్రాలకంటే ఎక్కువ సైటేషన్లు వస్తాయన్నదీ మరవొద్దు.

ఒక ఆవిష్కరణ ప్రయాణం

1982 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త డాన్ షెక్ట్‌మన్ అమెరికాలో అల్యూమినియం-మాంగనీస్ మిశ్రమలోహాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పరిశీలిస్తూ, స్ఫటికాల్లో ఉండకూడదని పుస్తకాలు చెప్పిన సౌష్ఠవాన్ని చూశారు. తోటి శాస్త్రవేత్తలు నమ్మలేదు. మొదట పంపిన జర్నల్ ఆ పేపర్‌ను తిప్పి పంపింది. 1984లో గానీ అది అచ్చు కాలేదు. అంటే 1983లో లెక్క కడితే ఈ ఆవిష్కరణ సైటేషన్లు సున్నా! 2011లో ఇదే పనికి ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఇందులో మనవాళ్ల పాత్రా ఉంది. ఇలాంటి క్వాసీక్రిస్టల్స్ ఏ మిశ్రమలోహాల్లో దొరికే అవకాశముందో ఊహించే దారిని 1985లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుంచి తెలుగు లోహశాస్త్రవేత్త పి.రామచంద్రరావు, జి.వి.ఎస్.శాస్త్రి చూపారు. మెగ్నీషియం-అల్యూమినియం-జింక్ మిశ్రమంలో క్వాసీక్రిస్టల్‌ను తయారు చేశారు. ఆ పత్రం వచ్చింది విదేశీ జర్నల్‌లో కాదు, బెంగళూరు నుంచి వెలువడే ‘ప్రమాణ’లో.

గైడ్ ప్రొఫైల్‌లో ఏం చూడాలి?

- మొత్తం సైటేషన్లు కాదు, గత అయిదేళ్ల పేపర్లు చూడండి. ల్యాబ్ ఇప్పుడు చురుగ్గా ఉందో లేదో తెలుస్తుంది.
- మొదటి రచయితలుగా విద్యార్థుల పేర్లున్నాయా? లేకపోతే ఎందుకో ఆరా తీయండి.
- సైటేషన్లన్నీ ఒకటి రెండు పేపర్లకే వచ్చాయా? అందులో ఆ ప్రొఫెసర్ పాత్ర ఎంత?
- అక్కడ పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు ఎన్నేళ్లలో బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు? ఇది ఏ ఇండెక్స్‌లోనూ ఉండదు. సీనియర్లతో మాట్లాడితేనే తెలుస్తుంది.

పీహెచ్‌డీకి దారులు

మెటలర్జీ, మెటీరియల్స్ బీటెక్ వాళ్లకు గేట్‌లో ఎంటీ పేపర్, ఇతర ఇంజినీర్లకు ఎక్స్‌ఈలోని మెటీరియల్స్ సైన్స్ విభాగం ఉన్నాయి. ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాయొచ్చు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపై ఎస్‌ఆర్‌ఎఫ్‌గా రూ.42,000 ఇస్తారు. హెచ్‌ఆర్‌ఏ అదనం. ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఎన్ఐటీ వరంగల్, బెంగళూరు ఐఐఎస్సీల్లో ఈ పరిశోధనకు మంచి వసతులున్నాయి.

మీ సొంత రికార్డు

చేరగానే ఓర్సిడ్ ఐడీ తీసుకోండి. ఉచితంగా వచ్చే ఈ పదహారు అంకెల గుర్తింపు ఉంటే మీ పేరే ఉన్న మరొకరి పేపర్లతో మీవి కలిసిపోవు. డబ్బు కడితే వారంలో వేస్తామనే జర్నళ్ల జోలికి పోవద్దు. థీసిస్ సమర్పణకు పేపర్ తప్పనిసరన్న నిబంధనను యూజీసీ 2022లోనే తొలగించింది. అయితే మీ వర్సిటీకి సొంత నియమాలుండొచ్చు, ముందే కనుక్కోండి. ఎక్స్‌ఆర్‌డీ, ఎస్‌ఈఎం పరీక్షల ముడి డేటాను తేదీలతో భద్రపరచండి.

ఇంటర్వ్యూ బోర్డు మీ పేపర్ల జాబితా చూశాక అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: ‘ఇందులో మీరు చేసిందేమిటి?’ శాంపిల్ తయారీ నుంచి గ్రాఫ్ దాకా సొంతంగా వివరించగలిగే రెండు పేపర్లు చేతిలో ఉంటే చాలు. పేరు మాత్రమే ఉన్న పది పేపర్లు ఆ పూట ఆదుకోవు.