గోదావరి లంకలలో ఒక దినము

లంక యనగానే మన ఓరుగల్లు బాలురకు రావణుని పట్టణము జ్ఞప్తికి వచ్చును. గోదావరి తీరవాసులకు అట్లు కాదు. నదీమధ్యమున ఒండ్రును ఇసుకయు చేరి మెట్టగా నేర్పడిన నేలకు వారు లంక యని పేరు పెట్టిరి. ధవళేశ్వరమునకు దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలును. వసిష్ఠనుండి వైనతేయ మరల చీలును. గౌతమీ వసిష్ఠలకును బంగాళాఖాతమునకును నడుమనున్న కోనసీమ యంతయు ఒక మహాలంక యనదగును. సర్ ఆర్థరు కాటను 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన పిమ్మట ఈ సీమకు కాలువలు వచ్చి పంటలు స్థిరపడెను.

పంటలను గూర్చి మనము భూగోళపాఠమున చదివియే యున్నాము. అచ్చటి చేతిపనులను కన్నులార చూడవలెనని మేము కొందరు విద్యార్థులతో రాత్రి రైలెక్కి, విజయవాడ మీదుగా మరునాటి యుదయమున నరసాపురము చేరితిమి.

నరసాపురము వసిష్ఠకు పడమటి గట్టున నున్నది. పదునేడవ శతాబ్దమున ఇచ్చట ఓడలు కట్టెడివారు. దాని చెంతనే మాధవాయపాలెము కలదు. ఇంగ్లీషు వర్తకులు ఆ పేరు పలుకలేక మాదపొల్లమనిరి. అచ్చటనుండి ఎగుమతియైన మెత్తని నూలుగుడ్డకు ఐరోపాలో మాదపోలమను పేరు నేటికిని నిలిచి యున్నది. గుడ్డ నేసినవారి పేరు మాత్రము ఒక్కటియు నిలువలేదు. ఈ మాటను విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక. తరువాతి కథకు ఇది యవసరము.

మొదట లేసుపని చూచితిమి. 1844 ప్రాంతమున స్కాట్లండునుండి వచ్చిన మెక్రే యను మిషనరీ దంపతులు ఇచ్చటి పేద స్త్రీలకు ఈ విద్య నేర్పిరని చెప్పుదురు. తరువాత అది ఇల్లు వెడలని ఇతర కులముల స్త్రీలకును ప్రాకి, చుట్టుప్రక్కల గ్రామములలో వేలకొలది ఇండ్లకు చేరెను. పనిముట్టు ఒక్కటియే. అది కొన వంగిన చిన్న ఉక్కుసూది. దారమును ఉచ్చుగా తీసి, ఆ ఉచ్చులోనుండి మరియొక ఉచ్చును లాగుదురు. ఇట్లు గొలుసు పెరుగును. గొలుసు చుట్టుకొని వలయమగును. వలయము పూవగును. చివరి ముడి వేయనియెడల కొస పట్టి లాగినంతనే గంటలపని క్షణములో విడిపోవును. ఒకరు పూవులల్లగా వేరొకరు వానిని చేర్చి కుట్టుదురు. దీనికి అతుకుపని యని పేరు. ఇట్లు బల్లగుడ్డలు, దిండుగలీబులు సిద్ధమై విదేశములకు పోవును.

ఒక యరుగుపై వృద్ధురాలు కూర్చుండి అల్లుచుండెను. మాలోని యొక బాలిక చిన్న గుండ్రని అల్లికను చేతబట్టి, “మామ్మగారూ, ఇంత చిన్నదానికి అంత ధరయా? సగము చేసికొనుడు” అనెను. వృద్ధురాలు కోపింపలేదు. “తీసికో తల్లీ. రెండు మధ్యాహ్నములు కూర్చుంటిని, అంతే” యనెను. బాలిక కొంతసేపు వ్రేళ్లమీద ఏదో లెక్కించి, అడిగిన ధర పూర్తిగా ఇచ్చి వచ్చెను. దారిలో ఆమె ఎవరితోను మాటలాడలేదు.

ఆ లెక్క ఇదివరకే చేసినవారు కలరు. జర్మను సాంఘికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ ప్రాంతమున పరిశోధించి 1982లో నరసాపురపు లేసుపనివారిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఈ స్త్రీలు దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లియు, వ్యవసాయకూలికన్న తక్కువ పొందుచుండిరని ఆమె చూపెను. వీరిని పనివారని యెవరును అనలేదు. తీరికవేళ కాలక్షేపము చేయు గృహిణులనిరి. “పని” యను పేరు లేనిచోట కూలి యడుగుట యెట్లు? 2024లో నరసాపురపు అల్లికలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరిపేరు కాపాడబడినది, సంతోషము. చేతికి దక్కవలసినది దక్కినప్పుడే ఆ సంతోషము పూర్తియగును.

మధ్యాహ్నమునకు ముందు రేవునకు పోయి పంటు ఎక్కితిమి. మోటారు బండ్లును, మనుష్యులును, కొబ్బరికాయల బుట్టలును ఒక్కచోటనే నిలిచి నది దాటెను. ఆవలిగట్టు సఖినేటిపల్లి. అక్కడనుండి కొబ్బరితోటలలో త్రోవ. కాయ ఒలిచిన డొక్కలను నీట నానబెట్టి, కొట్టి, పీచుతీసి, రాట్నముపై తాడు పేనుట చూచితిమి. వ్యర్థమని మనము పారవైచు వస్తువు వీరికి జీవనాధారము.

పిదప అమలాపురము చెంతనున్న బండారులంకకు పోయితిమి. ఇది చీరల నేతకు ప్రసిద్ధికెక్కినది. ఇంట స్త్రీలు కండెలు చుట్టుచుండిరి. గుంటమగ్గమున కూర్చున్న నేతగాడు కాళ్లతో పావులు త్రొక్కుచు, పడుగు విచ్చుకొనినప్పుడు నాడెను తోసి, పేకను అచ్చుతో బిగించుచుండెను. నేయువాడొక్కడే కనబడును గాని ఒక చీరకు ఇల్లంతయు పనిచేయును.

ఇట్టి దీవులు ఇటలీలోను కలవు. వెనిసు ప్రభుత్వము అగ్నిభయముచేత 1291లో గాజుకొలుములను మురానో దీవికి తరలించెను. ఆ పనివారిని ఊరువిడిచి పోనీయలేదు గాని మిక్కిలి గౌరవించెను. బురానో దీవిలో సూదిలేసు నశింపకుండుటకై 1872లో పాఠశాల పెట్టిరి. నేడా భవనము ప్రదర్శనశాల. పని పోయిన పిదప ప్రదర్శనశాల మిగులుటకంటె, ప్రదర్శనశాల లేకున్నను పని నిలుచుట మేలు కాదా?

సాయంకాలము మరల పంటుపై వచ్చితిమి. అంతదూరము పోయి వచ్చితిమి గాని మన కొత్తవాడ మగ్గములను మాలో ఎందరు చూచియుండిరి? 1851లో లండను మహాప్రదర్శనమున ఓరుగల్లు తివాచీలు ఉంచబడెను. 2018లో మన జంపఖానాలకును భౌగోళిక గుర్తింపు వచ్చెను. ఆ వీధి మన బడికి ఎంతో దూరములేదు. వచ్చు సెలవుదినమున పోయి చూడుడు. చూచునపుడు ధరకు ముందు గంటలను అడుగుడు.

అభ్యాసము
1. లంక యనగా నేమి? కోనసీమను మహాలంక యని యేల యనవచ్చును?
2. అతుకుపని యనగా నేమో వివరింపుము.
3. మీ యింట చేతితో చేసిన వస్తువు నొకదానిని తీసికొని, దానికి ఎన్ని గంటలు పట్టెనో, చేసినవారికి గంటకు ఎంత దక్కెనో విచారించి వ్రాయుము.