పికప్ వ్యాన్‌లో పడవ

ప్రశ్న: మా 12 అడుగుల ఫైబర్ పడవను 9 అడుగుల పికప్ వ్యాన్‌లో, వెనక డోరు దించి శ్రీశైలం జలాశయానికి తీసుకెళ్లొచ్చా?

జవాబు: వద్దండి. అమరం (పడవ వెనక భాగం) మూడడుగులు బయటికి పొడుచుకొస్తే, చీకట్లో వెనకొచ్చే బైకువాళ్ల ప్రాణానికే ముప్పు. ఎర్రగుడ్డ కట్టినా సరిపోదు. మోటారు వాహనాల చట్టం 194(1ఎ) సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, పైగా పడవను అక్కడే దించాలి. 14 అడుగుల బండి మాట్లాడుకోండి.

ఇంజన్ విప్పేసి, పడవను బోర్లించి, అణియం (ముందు భాగం) క్యాబిన్ వైపు పెట్టండి. అంచుల కింద పాత టైరు ముక్కలు వేయండి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, రాచెట్ బెల్టులే మేలు. మరీ బిగిస్తే ఫైబర్ పగులుతుంది, జాగ్రత్త. అణియాన్నీ అమరాన్నీ విడివిడిగా కట్టండి. పది కిలోమీటర్లు వెళ్లాక ఆగి, ప్రతి బెల్టునూ చేత్తో లాగి చూడండి.