సలీనాస్ యువపరిశోధకులు

పాఠ్యభాగ ఉద్దేశం

ఆరోగ్య పరిశోధన ప్రయోగశాలలకు మాత్రమే పరిమితం కాదనీ, ఎవరి ఆరోగ్యం గురించి పరిశోధన సాగుతున్నదో ఆ ప్రజలు అందులో భాగస్వాములైనప్పుడు అది మరింత సార్థకమవుతుందనీ తెలియజేయడం, యువతలో శాస్త్రీయ దృక్పథాన్ని, సామాజిక బాధ్యతను పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియాలో, పసిఫిక్ మహాసముద్ర తీరానికి చేరువగా సలీనాస్ లోయ ఉన్నది. సారవంతమైన నేల, సముద్రం నుండి వీచే చల్లని గాలులు ఆ లోయను పచ్చని పంటసీమగా తీర్చిదిద్దాయి. లెట్యూస్ అనే ఆకుకూర, స్ట్రాబెర్రీ పండ్లు, బ్రోకలీ అక్కడి ప్రధాన పంటలు. అందువల్లనే ఆ ప్రాంతాన్ని ‘ప్రపంచపు సలాడ్ గిన్నె’ అని వ్యవహరిస్తారు. నోబెల్ బహుమతి గ్రహీత అయిన నవలాకారుడు జాన్ స్టెయిన్‌బెక్ 1902లో జన్మించినది సలీనాస్ పట్టణంలోనే. అయితే ఆ పచ్చదనం వెనుక వేలాది కూలీల శ్రమ ఉన్నది. వారిలో అత్యధికులు మెక్సికో నుండి వలస వచ్చినవారు, వారి సంతతివారు.

లాటిన్ అమెరికా దేశాల మూలాలు గలవారిని అమెరికాలో ‘లాటినోలు’ అంటారు. 2020 జనాభా లెక్కల ప్రకారం హిస్పానిక్, లాటినో ప్రజల సంఖ్య 6 కోట్ల 21 లక్షలు. అనగా దేశ జనాభాలో దాదాపు 19 శాతం. వారిలో పలువురి ఇళ్ళలో స్పానిష్ భాష వినిపిస్తుంది. పిల్లలు బడిలో ఆంగ్లం నేర్చి, ఆసుపత్రిలోనూ కార్యాలయంలోనూ తల్లిదండ్రులకు దుబాసీలుగా నిలవడం ఆ కుటుంబాలలో సాధారణ దృశ్యం. రెండు భాషల నడుమ, రెండు సంస్కృతుల నడుమ వంతెనలుగా పెరిగే ఆ కౌమార వయస్కులే ఈ పాఠానికి నాయకులు.

సలీనాస్ లోయలో పంటలకు పురుగుమందులు విస్తారంగా చల్లుతారు. అవి పొలంలో పనిచేసే తల్లులకు, వారి కడుపులోని శిశువులకు ఎట్టి హాని చేస్తాయో తెలుసుకోవడానికి బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఒక దీర్ఘకాలిక పరిశోధనను చేపట్టింది. ఆచార్య బ్రెండా ఎస్కెనాజీ దీనికి నేతృత్వం వహించారు. 1999, 2000 సంవత్సరాలలో 601 మంది గర్భవతులు ఇందులో చేరారు. ఈ పరిశోధనకు ‘చమాకోస్’ అని పేరు. మెక్సికో వాడుకలో ఆ మాటకు ‘పిల్లలు’ అని అర్థం.

పుట్టిన బిడ్డలను పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. 2011లో ప్రకటించిన ఫలితాలు లోకాన్ని ఆలోచింపజేశాయి. గర్భవతిగా ఉన్నప్పుడు ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల అవశేషాలు అత్యధికంగా కనిపించిన తల్లుల పిల్లలకు, అత్యల్పంగా కనిపించిన తల్లుల పిల్లలకు నడుమ, ఏడేళ్ళ వయస్సులో ప్రజ్ఞాలబ్ధిలో సగటున 7 అంకెల వ్యత్యాసం ఉన్నదని తేలింది. పిల్లల తెలివి పురుగుమందు ఒక్కదానిపైనే ఆధారపడదు. తల్లి చదువు, ఇంటి వాతావరణం వంటి అంశాలను కూడా లెక్కలోకి తీసుకొన్న తరువాతనే పరిశోధకులు ఈ నిర్ణయానికి వచ్చారు. అయినప్పటికీ ఇతరుల పళ్ళెంలోకి కూర పండించే తల్లి తన బిడ్డ భవిష్యత్తును పణంగా పెట్టవలసి రావడం ఎంతటి విషాదమో ఊహించవచ్చు.

ఇట్టి పరిశోధన సాగాలంటే ప్రజల నమ్మకం కావాలి. పూర్వం పరిశోధకులు ఊరికి వచ్చి, ప్రశ్నలు అడిగి, రక్తమూత్రాల నమూనాలు తీసుకొని వెళ్ళిపోయేవారు. ఫలితాలు విద్వత్పత్రికలలో వెలువడేవి. నమూనాలు ఇచ్చినవారికి మాత్రం అవి చేరేవి కావు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి పుట్టినదే ‘సమాజ భాగస్వామ్య పరిశోధన’. 1940లలో కర్ట్ లెవిన్ ప్రతిపాదించిన క్రియాత్మక పరిశోధన, బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రైరీ భావాలు దీనికి పునాదులు. ఏ ప్రశ్న అడగాలి, ఎట్లా అడగాలి, వచ్చిన ఫలితాన్ని ఎవరికి ఎట్లా తెలియజేయాలి అనే నిర్ణయాలలో ప్రజలకు కూడా చోటు ఉండాలన్నది దీని సారాంశం.

చమాకోస్ పరిశోధనకు అనుబంధంగా స్థానిక యువతీయువకులతో ఒక యువజన మండలి ఏర్పడింది. ఆ మండలి సభ్యుల సహకారంతో 2013లో ‘హెర్మోసా’ అనే అధ్యయనం జరిగింది. స్పానిష్ భాషలో ఆ మాటకు ‘అందమైనది’ అని అర్థం. సౌందర్యోపకరణాలను గురించిన అధ్యయనానికి అది చక్కగా అమరిన పేరు. క్రీములు, షాంపూలు, పెదవి రంగులు, సుగంధద్రవ్యాలు మొదలైన వాటిలో థాలేట్లు, పారాబెన్‌లు, ట్రైక్లోసాన్, బెంజోఫినోన్-3 వంటి రసాయనాలు ఉండవచ్చు. ఇవి శరీరంలోని హార్మోనుల పనికి ఆటంకం కలిగించగలవని శాస్త్రజ్ఞుల ఆందోళన. శరీరం వేగంగా ఎదిగే కౌమారదశలో ఈ ఆందోళన మరింత సహేతుకమైనది.

14 నుండి 18 ఏళ్ళ వయస్సు గల 100 మంది లాటినో బాలికలు హెర్మోసాలో పాల్గొన్నారు. మొదట వారి మూత్ర నమూనాలు సేకరించారు. తరువాత ఆ రసాయనాలు లేవని పొట్లాలపై ముద్రించి ఉన్న వస్తువులను వారికి ఇచ్చి, మూడు రోజులపాటు వాటినే వాడమన్నారు. ఆ పిమ్మట మరల నమూనాలు సేకరించి పరీక్షించారు. అధ్యయనానికి రూపకల్పన చేయడంలోనూ, దానిని నిర్వహించడంలోనూ ఆ ఊరి విద్యార్థులే తోడ్పడ్డారు. తోటి బాలిక ఏ వస్తువులు వాడుతుందో, ఏ ప్రశ్నకు బిడియపడుతుందో ఆ వయస్సువారికి తెలిసినంతగా ఆచార్యులకు తెలియదు గదా!

ఫలితాలు 2016లో వెలువడ్డాయి. మూడు రోజుల వ్యవధిలోనే మిథైల్, ప్రొపైల్ పారాబెన్‌ల అవశేషాలు సగటున 44, 45 శాతం మేరకు తగ్గాయి. ట్రైక్లోసాన్, బెంజోఫినోన్-3 ఒక్కొక్కటి సుమారు 36 శాతం తగ్గాయి. ఒక రకం థాలేటు అవశేషం 27 శాతం తగ్గగా, మరి రెండు రకాలలో చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. ఎవరూ ఊహించని విధంగా ఇథైల్, బ్యూటైల్ పారాబెన్‌లు పెరిగాయి. అవి మొత్తం మీద స్వల్ప పరిమాణంలోనే ఉన్నాయి. దాదాపు సగం నమూనాలలో అసలు కనిపించనే లేదు. అయినా పరిశోధకులు ఆ విషయాన్ని దాచలేదు. తమకు అనుకూలమైన అంకెతోపాటు ప్రతికూలమైన అంకెను కూడా ప్రకటించడమే శాస్త్రానికి శీలం.

ఈ అధ్యయనానికి పరిమితులు లేకపోలేదు. వస్తువులు మార్చని బాలికల బృందం ఒకటి పోలికకు లేదు. గడువు మూడు రోజులే. రసాయనం తగ్గినందువల్ల వ్యాధి తగ్గిందని చెప్పడానికి ఇది చాలదు. కాని ఏ వస్తువు కొనాలో తెలిసి ఎంచుకొంటే శరీరంలోకి చేరే రసాయనాలలో కొన్నింటిని త్వరలోనే తగ్గించవచ్చునని మాత్రం ఇది నిరూపించింది.

ఇదే స్ఫూర్తితో 2016లో ‘కొసేచా’ అనే మరొక అధ్యయనం జరిగింది. ఆ మాటకు ‘పంటకోత’ అని అర్థం. 97 మంది బాలికలు ఒక వారంపాటు సిలికోన్ ముంజేతి పట్టీలు ధరించారు. పరిసరాలలోని రసాయనాలను ఆ పట్టీలు పీల్చుకొంటాయి. 1972లో అమెరికా నిషేధించిన డీడీటీకి సంబంధించిన అవశేషం సగానికి పైగా పట్టీలలో కనిపించడం గమనార్హం. ఏనాడో నిషేధించిన విషం బిడ్డల ముంజేతిని అంటింది! పొలాలకు అతి సమీపంలో నివసించేవారి పట్టీలలో కొన్ని పురుగుమందులు కనిపించే అవకాశం అధికమని, ఇంటిని ప్రతిదినం శుభ్రపరచడం వంటి అలవాట్లు కొన్నింటిని తగ్గించగలవని కూడా తెలిసింది.

అయితే భారమంతా ఇల్లు ఊడ్చే చేతులపైనా, వస్తువు కొనే బాలికపైనా మోపడం న్యాయం కాదు. చౌకగా దొరికే వస్తువు సురక్షితంగా కూడా ఉండాలంటే చట్టం తోడు కావాలి. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు వాడకాన్ని కాలిఫోర్నియా 2020 చివరికి దాదాపు పూర్తిగా నిలిపివేసింది. అదే సంవత్సరం సౌందర్యోపకరణాలలో 24 హానికర పదార్థాలను నిషేధిస్తూ చట్టం చేసింది. అది 2025లో అమలులోకి వచ్చింది. ఇట్టి మార్పులు ఏ ఒక్క అధ్యయనం వల్లనో రావు. ఎందరో ప్రజలు, శాస్త్రజ్ఞులు, ప్రతినిధులు కలిసి చేసిన కృషికి అవి ఫలాలు.

సలీనాస్ బాలికలు తమ దేహాలను గురించిన ప్రశ్నను తామే అడిగి, సమాధానాన్ని తామే వెదికారు. విద్య అనేది పరీక్షలో వ్రాసే జవాబు మాత్రమే కాదు. తన ఊరి గాలినీ నీటినీ నేలనూ ప్రశ్నించగల ధైర్యం కూడా. పేదవాడి సందేహానికి శాస్త్రం చెవియొగ్గిన నాడే అది లోకహితమవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

చేరువ = సమీపం
దుబాసీ = ఒకరి మాటను మరొకరి భాషలో తెలిపే వ్యక్తి
కౌమారం = బాల్యానికి, యౌవనానికి నడిమి దశ
అవశేషం = మిగిలిన అంశం
ప్రజ్ఞాలబ్ధి = తెలివితేటలను కొలిచే అంకె
సహేతుకం = కారణంతో కూడినది
చెవియొగ్గు = శ్రద్ధగా విను

సంధులు

సౌందర్యోపకరణం = సౌందర్య + ఉపకరణం – గుణసంధి
అత్యధికం = అతి + అధికం – యణాదేశసంధి
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘసంధి

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. హెర్మోసా అధ్యయనం జరిగిన తీరును, దాని ఫలితాలను వివరించండి.
2. సమాజ భాగస్వామ్య పరిశోధన ఆవశ్యకతను పాఠం ఆధారంగా చర్చించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. చమాకోస్ పరిశోధన 2011లో వెల్లడించిన అంశం ఏమిటి?
2. ప్రతికూల ఫలితాలను కూడా ప్రకటించడం ఎందుకు అవసరం?

ఏకపద సమాధాన ప్రశ్నలు
1. ‘చమాకోస్’ అనే మాటకు అర్థం ఏమిటి?
2. కొసేచా అధ్యయనంలో బాలికలు ధరించినవి ఏవి?

ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలోని ఒక ఆరోగ్య సమస్యను ఎంచుకొని, దానిని గురించి పెద్దలను అడగదగిన పది ప్రశ్నలను మీ మిత్రబృందంతో కలిసి రూపొందించండి.