ఒకే పొగలో రెండు బంధాలు



గంజాయి మానిన కుర్రవాడు సిగరెట్లు రెట్టింపు చేస్తే, “పోనీలే, పెద్దది వదిలాడు” అని ఇంట్లో ఊరట చెందుతారు. ఆ ఊరట తొందరపాటే.

గంజాయిని చాలామంది సిగరెట్టులోని పొగాకుతో కలిపి కాలుస్తారు. అలా కాల్చినప్పుడల్లా రెండు పదార్థాలు లోపలికి వెళ్తాయి. మత్తునిచ్చేది గంజాయిలోని టి.హెచ్.సి. రెండవది పొగాకులోని నికొటిన్. మనిషిని మరింత గట్టిగా కట్టివేసేది ఈ రెండవదే. పీల్చిన పది ఇరవై సెకండ్లలో అది మెదడును చేరుతుంది, సుమారు రెండు గంటలకు రక్తంలో సగానికి తగ్గిపోతుంది, మెదడు మళ్లీ అడుగుతుంది. టి.హెచ్.సి. అలా కాదు. అది కొవ్వులో చేరి, నిత్యం వాడేవారి శరీరంలో వారాల తరబడి నిలుస్తుంది. కనుక గంటగంటకూ గంజాయి బీడీ కోసం తపించే పిల్లవాడు నిజానికి నికొటిన్ కోసం తపిస్తూ ఉండవచ్చు. “నేను సిగరెట్టు తాగను” అనేవాడు అబద్ధమాడుతున్నాడని అనుకోకండి. ఆ సంగతి వాడికే తెలియదు.

దీనిని కనిపెట్టడానికి వైద్యులు ఫాగర్‌స్ట్రామ్ ప్రశ్నావళి వాడతారు. అందులో ముఖ్యమైన ప్రశ్న ఒకటి: నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి పొగ? అయిదు నిమిషాల్లోపే అయితే పట్టు గట్టిదని అర్థం. ఈ ప్రశ్న పోలీసులా కాక, అన్నం వడ్డిస్తూ అడగండి.

ఉత్తర కోస్తాలో మన అమ్మమ్మలు అడ్డపొగ తాగినవారే. అందుకే కాబోలు, పొగాకును మన ఇళ్లలో తప్పుగా ఎంచలేదు. ఆ అలవాటు అంగిటి క్యాన్సరు తెచ్చిందని మాత్రం మరువరాదు. కతోలిక సత్యోపదేశం 2290వ పేరా పొగాకు దుర్వినియోగాన్ని మితత్వానికి విరుద్ధమైన వాటిలో చేర్చింది. 2291వ పేరా మాదకద్రవ్యాల వాడకాన్ని, చికిత్స కోసమైతే తప్ప, ఘోరమైన తప్పిదమంటుంది. 1735వ పేరా కూడా చదవండి. అలవాటు, భయం వంటివి మనిషి బాధ్యతను తగ్గించగలవని శ్రీసభ అక్కడ బోధిస్తుంది. తప్పు తప్పే, కాని చిక్కుకున్నవాణ్ణి చూసే చూపు వేరుగా ఉండాలి. జగద్గురువులు ఫ్రాన్సిస్ 2018 నుండి వాటికన్‌లో సిగరెట్ల అమ్మకం ఆపించారు.

అమెరికాలో చదివే పిల్లలున్నవారు వేప్ పరికరాల సంగతీ తెలుసుకోవాలి. 2019లో అక్కడ టి.హెచ్.సి. నూనె పీల్చినవారే ఎక్కువగా ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది మరణించారు. మన దేశంలో ఇ-సిగరెట్లను 2019లోనే నిషేధించారు.

మానిన మొదటి వారమే కష్టకాలం. నికొటిన్ లేమి రెండు మూడు రోజుల్లో తీవ్రమై, తర్వాత కొద్ది వారాల్లో సద్దుమణుగుతుంది. గంజాయి లేమివల్ల చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం కలుగుతాయి. రెండూ కలిసి వచ్చినప్పుడు తల్లిదండ్రులకది పొగరులా కనిపిస్తుంది. ఆ వారం వాదనలు పెట్టుకోకండి. రెండు అలవాట్లనూ డాక్టరుకు చెప్పండి. నికొటిన్‌కు చూయింగ్ గమ్, పట్టీలు ఉన్నాయి. గంజాయికి అలాంటి మందు లేదు, కౌన్సెలింగే ఆధారం.

“చెబితే కేసు పెడతారేమో” అని దాచే ఇళ్లున్నాయి. మాదకద్రవ్యాల చట్టం 64-ఎ సెక్షను, తానుగా చికిత్సకు వచ్చిన వ్యసనపరునికి, సొంత వాడకం, కొద్దిపాటి పరిమాణం కేసుల్లో, విచారణ నుండి రక్షణ కల్పిస్తుంది. చికిత్స పూర్తి చేయడం షరతు. పొగాకు మానేందుకు 1800-11-2356, మత్తుపదార్థాల విషయంలో 14446 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చు.