ముందు గది, తర్వాతే మైక్

మీకు పాట వచ్చు. కథ చెప్పడం వచ్చు. పోర్ట్ బ్లెయిర్‌లో కూర్చుని, శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మ కూడా వినేలా ఓ తెలుగు పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నారు. మరి ఆగిందెక్కడ?

"మంచి మైక్ లేదండీ!"

అది సాకు. ఇవాళే వదిలేయండి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ ఇంటర్నెట్ కేబుల్ వచ్చేసింది. ఫైలు అప్‌లోడ్ చేయడం ఒకప్పటిలా తపస్సు కాదు. 2024లో ఊరి పేరే శ్రీ విజయపురంగా మారింది. మీ అలవాటు మారదా?

ఫోన్‌లో రికార్డర్ తెరవండి. వారం పాటు రోజూ పది నిమిషాలు మాట్లాడండి, ఇయర్‌ఫోన్స్‌తో వినండి. మీ గొంతు మీకే నచ్చదు. కంగారు పడకండి, అందరికీ అంతే. మాట్లాడేటప్పుడు మన గొంతు పుర్రె ఎముకల ద్వారా కూడా మనకు చేరుతుంది. రికార్డింగ్‌లో ఆ బరువు ఉండదు.

వింటూ రాసుకోండి, ఏది చెడగొడుతోందో. ఫ్యాన్, గది గుయ్యిమనడం, జనరేటర్, రేకుల మీద వాన. ఖరీదైన మైక్ వీటిని పోగొట్టదు. ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది!

కాబట్టి ఫ్యాన్ ఆపండి. గోడకు పరుపు ఆనించండి. బట్టల బీరువా తలుపులు తీసి దాని ముందు కూర్చోండి. వానకు మాత్రం మందు లేదు. రెండు రుతుపవనాలూ మనవే, ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు. వాన లేని రోజున తెల్లవారకముందే లేవండి. వీధి నిద్రలో ఉంటుంది, ఫ్యాన్ ఆపినా ఉక్కపోయదు.

ఇప్పుడు కొందాం.

కండెన్సర్ మైక్ బాగా సున్నితం. పక్కింటి కుక్కర్ విజిల్‌నూ పట్టేస్తుంది, తేమ చేరితే చిటపటలాడుతుంది. డైనమిక్ మైక్ మొండిది. 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 ఇప్పటికీ స్టేజీల మీద కనిపిస్తుంది. నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకుంటే గదిని పెద్దగా పట్టించుకోదు. మన ఊళ్లో మొదటి మైక్ డైనమిక్కే కావాలి. ఏ కంపెనీదైనా సరే.

తర్వాత ఈ లెక్క:

* ఒక్కరే మాట్లాడతారా? యూఎస్‌బీ మైక్ చాలు.
* గొంతు, గిటార్ రెండూనా? ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్, దాన్ని కంప్యూటర్‌కు కలిపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్. డైనమిక్‌కు గెయిన్ (సిగ్నల్‌ను పెంచడం) ఎక్కువ కావాలి. ఇంటర్‌ఫేస్ 50 డెసిబెల్స్ పైన ఇస్తుందో లేదో చూసుకోండి.
* చెవుల్ని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్, స్టాండ్, పాప్ ఫిల్టర్. సాఫ్ట్‌వేర్‌కు పైసా పెట్టొద్దు, ఆడాసిటీ ఉచితం.
* గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్. ఉప్పు గాలిలో వదిలేసిన మైక్ మీది కాదు, తుప్పుది.

ఆర్డర్ చేసే ముందు మీ పిన్‌కోడ్‌కు రిటర్న్ సదుపాయం ఉందో లేదో చూడండి. లేకపోతే వైజాగ్‌కో చెన్నైకో వెళ్లే చుట్టాల్ని పట్టుకోండి. షాపులో ఆన్ చేయించి, విని మరీ తెమ్మనండి.

ఒక్క షరతు. ఫోన్‌లో ఏడు రికార్డింగులు పూర్తయ్యాకే డబ్బు తీయండి. మొదటిది రేపు పొద్దున్నే.